బంగార్రాజు బదిలీ

మొన్నటి ఎండాకాలం రెండు నెలలూ నేను లేని మనిషి మీద కుళ్ళుకున్నాను. లేని మనిషంటే ఊళ్ళో లేడని కాదు, అసలు పుట్టనే లేదని. పేరు బంగార్రాజు. ఆర్టీసీ డ్రైవరు, విజయవాడ–అవనిగడ్డ రూటు. మా ఆవిడ కల్పించిన మనిషి. యాభై ఏళ్ళొచ్చి, ఇంజినీరింగు చదివే కూతురుండి, సంజీవరావుగారూ అని నలుగురూ పిలిచేవాడు బయటికి చెప్పుకోదగ్గ సంగతి కాదిది. అయినా చెబుతున్నాను, ఎందుకంటే తప్పు బంగార్రాజుది కాదు.

మా ఇల్లు పటమటలో. ముందు గది నా మోటార్ వైండింగ్ షాపు, వెనక హాలు. రెండింటికీ మధ్య తలుపు ఎప్పుడో తీసేసి కర్టెన్ వేలాడదీశాం. ఎండలు ముదిరితే నాకు ఊపిరి సలపదు. కాలిపోయిన కూలర్ పంపులు, టేబుల్ ఫ్యాన్లు, బోరు మోటార్లు గుమ్మం దాకా వరస కడతాయి. రాగి తీగ చుట్టడం చేతుల పని. చెవులకి పనుండదు. నాకొచ్చిన కష్టమంతా ఆ చెవుల మూలానే వచ్చింది.

ఏప్రిల్ ఆఖర్న మా అమ్మాయి కీర్తన హాస్టల్ నుంచి వస్తూ సంచీడు పాచికలు తెచ్చింది. నాలుగు మొహాలవి, ఎనిమిది మొహాలవి, ఇరవై మొహాలవి కూడా ఉన్నాయి. జూదం నేర్చుకొచ్చిందేమోనని కంగారుపడ్డాను. కాదు, కథలాడే ఆటట. ఒకరు నడుపుతారు, మిగతావాళ్ళు తలా ఒక సూపర్‌హీరోని తయారుచేసుకుని, ఆ హీరోగా మాట్లాడతారు. చేసిన సాహసం ఫలించిందో లేదో పాచిక చెబుతుంది. నడిపేది కీర్తన. ఆడేది ఇంటర్లో తనతో చదివిన బ్లెస్సీ, సిద్ధార్థ. రోజూ రెండింటికి వచ్చి, ఎండ తగ్గాక ఐదింటికి వెళ్ళేవాళ్ళు.

మొదటి రోజే కర్టెన్ అవతల పేచీ మొదలైంది.

"నీవాడు పగలేం చేస్తాడు?" అంది కీర్తన. సిద్ధార్థ హీరో ఎవరికీ కనపడకుండా మాయమైపోగలడు.

"బిజినెస్‌మేన్."

"ఏం బిజినెస్? షట్టర్ ఎన్నింటికి తీస్తాడు? మధ్యాహ్నం ఇంటికెళ్ళి తింటాడా, క్యారేజీనా?"

"అవన్నీ ఎందుకే? మాయమైపోతాడు, చాలదా?"

"చాలదు. పవర్లు ఎవడైనా రాస్తాడు. పగటి ఉద్యోగం నమ్మేలా లేకపోతే రెండో రోజే పట్టేసుకుంటారు."

అప్పుడు మజ్జిగ గ్లాసులతో మా ఆవిడ వెళ్ళింది. పేరు రామతులసి. "కరెంటు మీటర్లు చూసే అబ్బాయిని చెయ్యండర్రా," అంది. "ప్రతి ఇంట్లోకీ వెళ్తాడు, ఎవరూ మొహం చూడరు. మన వీధికొచ్చే అబ్బాయి ఆరేళ్ళబట్టీ వస్తున్నాడు. ఎలా ఉంటాడో చెప్పండి చూద్దాం."

ఎవరూ చెప్పలేకపోయారు. కర్టెన్ ఇవతల నేనూ గుర్తు చేసుకోబోయాను, నాకూ రాలేదు.

"మరి నాది ఇనుము వంచుతుంది ఆంటీ," అంది బ్లెస్సీ.

"ఫంక్షన్ హాల్లో వంటగిన్నెలు తోమే మనిషిగా పెట్టుకో. ఇద్దరు మోసే గుండిగ ఒక్కతే ఎత్తినా, పాపం కష్టజీవి అంటారు గానీ అనుమానపడరు."

ఇంకేముంది, ఆంటీ కూడా ఆడాల్సిందేనని పట్టుబట్టారు. ముగ్గురుంటే గానీ ఆట రక్తి కట్టదట. గిన్నెలు కడుక్కోవాలి, బట్టలు తియ్యాలి అంటూనే తులసి చాప మీద కూర్చుంది. కాగితం ముందు పెట్టి, "అమ్మా, నీ హీరోయిన్ పగలేం చేస్తుంది?" అని అడిగింది కీర్తన.

"ఆర్టీసీ కండక్టరు," అంది తులసి. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

కీర్తన పకపకా నవ్వింది. "అత్తయ్య పెట్టిన పేరేగా."

నేనూ నవ్వుకున్నాను. భవానీపురంలో మా అక్కయ్య వాళ్ళంతా తులసిని కండక్టరమ్మ అనే పిలుస్తారు. పెళ్ళికో యాత్రకో బస్సు మాట్లాడినప్పుడల్లా దాన్ని తలుపు దగ్గర నిలబెట్టి రైట్ రైట్ అనిపిస్తారు. అదీ నవ్వుతూ అంటుంది. మా పెళ్ళైన కొత్తలో పుట్టిన పేరది. ఎలా పుట్టిందో నాకే సరిగ్గా జ్ఞాపకం లేదు.

పవరు కూడా తనే చెప్పింది. ఆమె హోల్డాన్ అంటే కదిలేదేదైనా ఆగిపోతుంది, లారీ అయినా వరద అయినా. రైట్ రైట్ అంటే మళ్ళీ కదులుతుంది. పిల్లలు చప్పట్లు కొట్టి మిస్ హోల్డాన్ అని పేరు పెట్టారు.

"ఇక తెలిసినవాడు," అంది కీర్తన. అది దాని ఆటలో గట్టి నియమం. ప్రతి హీరో రహస్యమూ లోకంలో ఒక్క మనిషికి తెలిసి ఉండాలి. ఆ మనిషి ఎప్పుడైనా, ఎవరితోనైనా, సరదాకైనా బయటపెట్టాడా, ఆ చోటు పోయినట్టే. హీరో తనంతట తను మళ్ళీ చెబితే తప్ప తిరిగి రాదు. "నీకెవరు తెలిసినవాడు? మొగుడున్నాడా?"

నేను తీగ చుట్టడం ఆపాను.

"లేడు," అంది మా ఆవిడ. "డ్రైవరుకి తెలుసు. బంగార్రాజని."

అలా పుట్టాడు వాడు, మా హాల్లో, నా చాప మీద, నా కూలర్ గాలికి.

మొదట్లో నేను పట్టించుకోలేదన్నట్టే ఉన్నాను. ఆటే కదా. కానీ రోజురోజుకీ వాడు ముదిరాడు. కంకిపాడు దగ్గర లారీల్ని ఆపడానికి మిస్ హోల్డాన్ బస్సు దిగి మాయమైతే, ఇక్కడ బంగార్రాజు బానెట్ ఎత్తి, "రేడియేటర్ వేడెక్కిందండీ, అరగంట పడుతుంది," అని జనాన్ని చెట్టు నీడకి తోలేవాడు. ఆమె తిరిగొచ్చేదాకా బస్సు కదిలేది కాదు. ఎక్కడికెళ్ళావని అడిగేవాడు కాదు. తనే చెబితే మటుకు, "ఊఁ, తర్వాత?" అనేవాడు. వాడి మాటలు మా అమ్మాయే గొంతు బొంగురు చేసి మాట్లాడేది. సొంత కూతురి నోట పరాయి మగాడి గొంతు వినడం ఎలా ఉంటుందో పగవాడికి కూడా తెలియకూడదు.

ఒకరోజు ఉయ్యూరు స్టాండులో వాడు మా ఆవిడకి, అదే మిస్ హోల్డాన్‌కి, టీ తెచ్చాడు. "పంచదార లేకుండానే చెప్పానండీ," అన్నాడు.

ఆ సాయంత్రం తులసి టీ గ్లాసు తీసుకుని గుక్కెడు తాగి చూశాను. చప్పగా ఉంది. "ఎప్పట్నించి మానేశావు?" అన్నాను.

"మూడేళ్ళైందిగా," అంది ఆశ్చర్యంగా. నాకు తెలియలేదు, పుట్టని వాడికి తెలిసింది. నిజం చెప్పొద్దూ, ఆ పూట నాకు అన్నం సహించలేదు.

అంతకంటే పెద్ద దెబ్బ మే పదో తారీకున తగిలింది. బస్సులో ఏదో చప్పుడొస్తోందని కీర్తన అంటే, బంగార్రాజు ఏం చేస్తాడో తులసి చెబుతోంది. "స్క్రూడ్రైవరు మొన ఇంజనుకానించి, పిడి చెవికి పెట్టుకుని కళ్ళు మూసుకుంటాడు. ఏ బేరింగు పోయిందో అలా విని చెప్పేస్తాడు."

అది నా విద్య. ఆ పద్ధతిలో మోటారు గుండె వినేవాడు పటమటలో నేనొక్కణ్ణే. మా నాన్న నాకు నేర్పితే ఐదేళ్ళు పట్టింది. అలాంటిది చాప మీద కూర్చుని, మజ్జిగ తాగుతూ, దాన్ని తీసుకెళ్ళి ఒక డ్రైవరుకిచ్చేసింది మా ఆవిడ. ఇచ్చినందుకు కాదు, ఎంత ప్రేమగా చెప్పిందో ఆ చెప్పడానికి నాకు కడుపు మండింది. నేను చెవికి స్క్రూడ్రైవరు పెట్టుకున్నప్పుడు అది నావైపు చూసిందని కూడా నాకు తెలియదు.

మర్నాడు ఆటలో పెద్ద ప్రమాదమేమీ లేదు. బస్సు చల్లపల్లి దాటి వెళ్తోంది, జనం పల్చగా ఉన్నారు. తులసి డ్రైవరుతో మాట్లాడుతోంది.

"పోయినేడు ఒక పరీక్ష చేయించుకున్నా బంగార్రాజూ. రొమ్ములో గడ్డలాంటిది తగిలితేనూ. ఒక్కదాన్నే వెళ్ళొచ్చా. రిపోర్టు వచ్చేదాకా నాలుగు రోజులు బియ్యంలో రాళ్ళేరుతూ కూర్చున్నా. ఏం లేదన్నారులే."

కీర్తన గొంతు బొంగురు చెయ్యబోయింది, కుదిరినట్టు లేదు. "ఇంట్లో... ఇంట్లో చెప్పలేదా అండీ?"

"చెబితే ఊరంతా తెలుస్తుంది," అంది తులసి. "సరే, మోపిదేవొచ్చింది. హోల్డాన్."

నా చేతిలో రాగి తీగ మెలిపడిపోయింది. అది మిస్ హోల్డాన్ మాటా, మా ఆవిడ మాటా? లేచి కర్టెన్ తీసి అడగాల్సిన మాట. నేను అడగలేదు. ఇప్పుడు రాస్తుంటే సిగ్గేస్తోంది గానీ, ఆ క్షణాన నాకు ముందుగా కలిగింది భయం కూడా కాదు. నాకు చెప్పనిది వాడికి చెప్పిందే అన్న కుళ్ళు. భయం ఆ తర్వాతొచ్చింది.

కుళ్ళు మనిషి చేత ఏ పనైనా చేయిస్తుంది. తులసిది మోపిదేవి పక్క పల్లె. పెళ్ళికి ముందు మూడేళ్ళు ఆ రూటు బస్సులోనే కాలేజీకి తిరిగింది. బంగార్రాజు అనేవాడు నిజంగానే ఉన్నాడేమో, అప్పటివాడేమో అన్న పురుగు నా బుర్రలో దూరింది. ఉయ్యూరులో ఒక మోటారు చూసొస్తానని చెప్పి, బెంజ్ సర్కిల్ దగ్గర అవనిగడ్డ బస్సెక్కాను.

కండక్టరు ఆడమనిషే. నలభై ఏళ్ళుంటాయి. టిక్కెట్టు ఇస్తుంటే మెల్లిగా అడిగాను. "ఏమండీ, ఈ రూట్లో బంగార్రాజని డ్రైవరు ఎవరైనా ఉన్నారా?"

"ఎందుకండీ, బస్సులో ఏమన్నా మర్చిపోయారా?"

"అబ్బే, ఏం లేదు."

"నేనొచ్చి పద్నాలుగేళ్ళైంది. ఆ పేరుతో ఎవరూ లేరు. పాతవాళ్ళేమో కనుక్కోమంటారా? మీకేమవుతాడు?"

"తెలిసినవాడు," అన్నాను. ఆవిడ నావైపు ఎగాదిగా చూసి వెనక సీట్లకి వెళ్ళిపోయింది. ఉయ్యూరులో దిగి, చూడ్డానికి ఏ మోటారూ లేక, చెరుకు రసం తాగి మళ్ళీ అదే రోడ్డున తిరిగొచ్చాను.

ఆ వారమే సిద్ధార్థకి హైదరాబాదులో ట్రైనింగు వచ్చి వెళ్ళిపోయాడు. మరో మనిషి లేక ఆట ఆగేలా ఉందని కీర్తన గొణుగుతుంటే, చేతులు తుడుచుకుని కర్టెన్ తీశాను.

"నేనాడతా."

ముగ్గురూ నన్ను చూసి నోళ్ళు తెరిచారు. తులసి చాప మీద కొంచెం పక్కకి జరిగి చోటిచ్చింది. దాని మొహంలో ఆ పూట కనపడిన సంతోషం నేను తర్వాత చాలాసార్లు గుర్తు చేసుకున్నాను.

"నీ పవరేంటి నాన్నా?"

"నాకు పవర్లొద్దు. ఉద్యోగం చాలు. డిపో మేనేజర్ని."

"హీరోవి కదా నాన్నా, ఏదో ఒక..."

"రాసుకో. అవనిగడ్డ డిపో మేనేజరు. ఉదయం తొమ్మిదింటికి వస్తాడు. క్యారేజీ. వచ్చీ రాగానే ఒక కాగితం మీద సంతకం పెడతాడు. డ్రైవర్ బంగార్రాజుని పాలకొండకి బదిలీ చేస్తున్నాను. రేపట్నించే."

బ్లెస్సీ నవ్వబోయి ఆగింది. కీర్తన వాళ్ళమ్మ వంక చూసింది. "అలా ఊరికే కుదరదు నాన్నా, పాచిక వెయ్యాలి. పదిహేను దాటాలి."

ఇరవై మొహాల పాచిక వేశాను. పందొమ్మిది పడింది. గెలిచానన్న ఉత్సాహంలో తొడ మీద చరుచుకున్నాను కూడా.

"ఆర్డరొచ్చాక వెళ్ళాలిగా," అంది తులసి. "వెళ్తాడు." కాగితం మీద 'తెలిసినవాడు' అన్నచోట ఉన్న పేరుని ఒక్క గీతతో కొట్టేసింది. పక్కన ఇంకేం రాయలేదు. లేచి, "పాలు పొంగుతాయి," అంటూ వంటింట్లోకి వెళ్ళింది. ఆ వేళప్పుడు మా ఇంట్లో పాలు కాచరు.

వాడు పోతే ఆ చోటు నాకొస్తుందనుకున్నాను. నేనింత వెర్రివాణ్ణని నాకే తెలియదు. తర్వాత నాలుగు రోజులు మిస్ హోల్డాన్ టిక్కెట్లు కొట్టింది, చిల్లర ఇచ్చింది, ఎవరితోనూ మాట్లాడలేదు. కొత్త డ్రైవరుకి పేరు కూడా పెట్టలేదు. "ఎవరైతే ఏంలే," అంది. ఇంట్లో మటుకు మామూలుగానే ఉంది. కూరలో ఉప్పు సరిపోయిందా అని అడిగింది, సరిపోయిందన్నాను. మేము ఇరవై రెండేళ్ళుగా అలాగే మాట్లాడుకుంటున్నామని అప్పుడు తోచింది.

ఐదో రోజు కీర్తన పెద్ద ఆపద పెట్టింది. నాగాయలంక అవతల జనాన్ని నది దాటించే పంటు ఇంజను నడిమధ్యలో ఆగిపోయింది. నలభైమంది జనంతో, మోటారు సైకిళ్ళతో, సముద్రం వైపు కొట్టుకుపోతోంది. బ్లెస్సీ హీరోయిన్ ఎక్కడో పెళ్ళి వంటలో ఉంది. ఆపగలిగింది మిస్ హోల్డాన్ ఒక్కతే.

"నేను బస్సులో ఉన్నా," అంది తులసి. "నిండా జనం. దిగిపోతే కండక్టరు ఏదని అడుగుతారు."

"అడిగితే అడగనీ అమ్మా, వెళ్ళు," అంది కీర్తన.

"ఏం చెప్పి వెళ్ళను? నేను లేనప్పుడు ఉన్నట్టు చెప్పేవాడెవడు? ఇవాళ దిగితే రేపట్నించి నేనెవరో అందరికీ తెలుస్తుంది. తర్వాత ఎవర్నీ ఆదుకోలేను."

"డిపో మేనేజరు ఫోన్ చేసి బస్సు ఆపమంటాడు," అన్నాను గబగబా.

"మేనేజరుకి నా సంగతి తెలియదుగా," అంది. నావైపు చూడలేదు.

పంటు పోయింది. కీర్తన పాచిక వేసింది, రెండు పడింది, పంటు నది మొగ దాటి సముద్రంలోకి పోయింది. బ్లెస్సీ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఆటే కదా ఆంటీ," అంది తనకి తనే చెప్పుకుంటున్నట్టు.

"ఆటే తల్లీ," అంది తులసి దాని వీపు నిమురుతూ. "పవరుంటే సరిపోదే పిచ్చిదానా. మనం కాసేపు కనపడకపోతే, ఆ సంగతి కడుపులో పెట్టుకునే మనిషి ఒకడుండాలి."

పిల్లలు సాయంత్రం బయటికి వెళ్ళారు. నేను షాపులో ఒక కూలర్ పంపు ఊరికే విప్పుతూ, బిగిస్తూ కూర్చున్నాను. తులసి టీ తెచ్చి బల్ల మీద పెట్టింది. ఇక ఉండబట్టలేదు.

"ఎవడే ఆ బంగార్రాజు?"

అది నవ్వలేదు, కోపం కూడా తెచ్చుకోలేదు. "మీరు ఉయ్యూరు వెళ్ళింది అతని కోసమేనా?"

"నీకెలా తెలుసు?"

"మోటారు చూసొస్తానని పనిముట్ల సంచీ ఇంట్లో వదిలేసి వెళ్ళారు."

"స్క్రూడ్రైవరు చెవికి పెట్టుకోవడం నాది," అన్నాను చిన్నపిల్లాడిలా.

"మీదే. అతనిదంతా మీదే. మోటారు వినడం, ఎదటి మనిషి చెప్పేదాకా ఆగడం, ఊఁ తర్వాత అనడం."

"నేనెప్పుడన్నాను ఆ మాట?"

స్టూలు లాక్కుని కూర్చుంది. "పెళ్ళైన కొత్తలో, ఒక సోమవారం, ఈ బల్ల దగ్గరే. కండక్టరు ఉద్యోగానికి అప్లై చేశానని, మా అమ్మకి కూడా చెప్పలేదని, మీకొక్కరికే చెప్పా. మీరు మోటారు ఆపేసి, ఊఁ తర్వాత, అన్నారు. గంటసేపు చెప్పా. ఏ బస్సు, ఏ డిపో, యూనిఫారం ఎలా ఉంటుంది, అన్నీ. ఆ వారమంతా మీరు నన్ను చూసి ఊరికే నవ్వుకునేవారు."

నాకు కొంచెం కొంచెం గుర్తొస్తోంది.

"ఆ ఆదివారం వదినగారింట్లో భోజనాలు. మీరు చెప్పేశారు. ఇరవైమంది నవ్వారు. అప్పట్నించి నేను కండక్టరమ్మని."

"సరదాకి చెప్పానే తులసీ."

"సరదాకే. నేనూ నవ్వాను. ఇంటర్వ్యూకి మటుకు వెళ్ళలేదు. మీకు ఇంకేం చెప్పడమూ మానేశా, పోయినేడు పరీక్షకి వెళ్ళింది కూడా. మీరు గమనించలేదు." ఖాళీ గ్లాసు తీసుకుని లేచింది. "బంగార్రాజు మీరేనండీ. ఆ ఆదివారం రాకముందు మీరు."

ఆ మాటకి నేను ఏడ్చానని, కాళ్ళమీద పడ్డానని రాస్తే బావుంటుంది. పంపుకి మూత బిగించాను. నాలుగు మరలకి మూడే దొరికాయి. నాలుగోది ఎంత వెతికినా కనపడలేదు.

జూన్ ఆఖర్న మా అక్కయ్య మనవడి పుట్టువెంట్రుకలు మోపిదేవిలో. భవానీపురం నుంచి బస్సు మాట్లాడారు. పొద్దున్నే అందరూ ఎక్కారు, పులిహోర డబ్బాలెక్కాయి. తులసి ఆఖర్న ఎక్కబోతుంటే మా అక్కయ్య ముందు సీట్లోంచి అరిచింది.

"కండక్టరమ్మా, అక్కడే నిలబడవే. రైట్ రైట్ చెప్పు, బయల్దేరదాం."

బస్సంతా నవ్వడానికి సిద్ధంగా తిరిగి చూసింది. తులసి మొహాన ఆ నవ్వు అప్పుడే వచ్చేస్తోంది, ఇరవై రెండేళ్ళుగా వస్తున్న నవ్వు.

"అక్కయ్యా, ఆ పేరొద్దు," అన్నాను.

"ఏరా?"

"వద్దు. తులసి అను."

"దానికి లేని బాధ నీకేంట్రా? కందకు లేని దురద కత్తిపీటకా? ఇరవయ్యేళ్ళ పేరు ఇవాళెందుకు చేదైంది?"

కారణం నా నాలిక చివరిదాకా వచ్చింది. మొత్తం చెప్పేసి, అందరి ముందూ తులసి పక్షాన నిలబడితే ఎంత గొప్పగా ఉంటుంది. బస్సులో ముప్ఫై మంది ఉన్నారు. అందరూ నా నోటి వంకే చూస్తున్నారు.

"ఊరికే," అన్నాను. "పదండి, ఎండెక్కుతోంది."

"వీడికి ఎండదెబ్బ తగిలింది," అంది అక్కయ్య. అందరూ నా మీద నవ్వారు. తులసి వచ్చి నా పక్కన కిటికీ వైపు కూర్చుంది. చల్లపల్లి దాటాక పక్కనే ఉన్న వంతెన చూపించి, తను చదువుకునే రోజుల్లో అక్కడ బస్సు వరదలో ఆగిపోయిందని చెప్పింది. నేను ఊఁ అన్నాను. 'తర్వాత?' అని అడగడానికి ధైర్యం చాలలేదు.

కీర్తన పాచికలు సర్దుకుని హాస్టల్‌కి వెళ్ళిపోయింది. వానలు మొదలై షాపులో పని పల్చబడింది. జులై రెండో వారంలో ఒక మధ్యాహ్నం నేను బోరు మోటారు ఆన్ చేసి, స్క్రూడ్రైవరు చెవికి పెట్టుకుని వింటున్నాను. తులసి కర్టెన్ తీసుకుని వచ్చి స్టూలు మీద కూర్చుంది.

"మీకొకటి చెప్పాలి."

స్విచ్చి ఆపాను. పెద్ద మోటారు, వెంటనే ఆగదు. అది తిరిగి తిరిగి, మెల్లగా సద్దుమణిగి, పూర్తిగా నిలిచేదాకా తులసి ఆగింది. ఆ తర్వాత చెప్పింది.

ఏం చెప్పిందో నేను చెప్పను. ఇంత దూరం చదివారు గనక మీకు తెలుసు, అది ఆటలో నియమం.

అప్పట్నించి మంగళవారం, శుక్రవారం మూడింటికి తులసి బయటికి వెళ్తుంది. ఐదున్నరకి వస్తుంది. చేతికి ఒక సంచీ ఉంటుంది. వీధి మలుపు తిరిగేదాకా చూసి నేను పనిలో పడతాను.

మొన్న శుక్రవారం చెప్పాపెట్టకుండా మా అక్కయ్య దిగింది. గొడుగు మూసి, నేరుగా హాల్లోకి తొంగి చూసి, మళ్ళీ షాపులోకి వచ్చింది.

"తులసి ఏదిరా?"

"కూలర్ గడ్డి కొనుక్కురావడానికి వెళ్ళింది."

"ఆగస్టులో కూలర్ గడ్డేంట్రా? బయట వాన పడుతుంటే."

నాకు అబద్ధాలు అలవాటు లేదు. ఇన్నాళ్ళూ నిజాలు చెప్పే చెడిపోయాను. "వచ్చే ఎండాకాలానికి," అన్నాను. "ఇప్పుడైతే చవక."

"ఎప్పుడొస్తుంది?"

"అరగంట పడుతుంది."

అక్కయ్య ఇంకేదో అడగడానికి నోరు తెరిచింది. నేను గబుక్కున స్క్రూడ్రైవరు అందుకుని, మొన మోటారుకి ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, మాట్లాడొద్దని చెయ్యూపి, కళ్ళు మూసుకున్నాను. మా అక్కయ్యకి నా విద్య అంటే గౌరవం. స్టూలు మీద కూర్చుని చప్పుడు చెయ్యకుండా ఎదురుచూసింది. మోటారుకి నేను స్విచ్చే వెయ్యలేదని గమనించలేదు.